తూకం బెల్లం

ఇనుప గొలుసుల చప్పుడు వింటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. పక్కింట్లో ఉయ్యాల ఊగినా చాలు, నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయి చొక్కా సర్దుకుంటుంది. దీనికి మందు లేదని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ఇదంతా ఎలా మొదలైందో చెబుతాను గానీ, ముందే ఒక మాట. ఈ కథలో ఒక పిల్లవాడున్నాడు, ఒక దేవత ఉంది, ఒక మాజీ సర్పంచి ఉన్నాడు, శనక్కాయ మూటలు తూచే పెద్ద తక్కెడ ఉంది. ఎవరి దారిన వాళ్ళు బతుకుతున్నవాళ్ళే. వీళ్ళందరినీ ఒక్కచోట చేర్చి ఊరి మీదికి వదిలిన ఘనుణ్ణి నేను. చివరికి ఏం జరుగుతుందో మధ్యలోనే మీకు తెలిసిపోతే, దయచేసి మర్యాద కోసమైనా తెలియనట్టు చదవండి.

కొన్నేళ్ళ కిందటి మాట. కంబదూరు అవతల ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు కొత్తగా పంతులుగా చేరాను. వాన పడితే శనక్కాయ, పడకపోతే మేఘాల వైపు చూపు. అలాంటి ఊరు. నేను పుట్టుకతో పిరికివాణ్ణి. కుక్క మొరిగితే భయం, సూది చూస్తే భయం, మా ప్రధానోపాధ్యాయురాలు సరోజమ్మ మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెడితే అన్నిటికంటే భయం. ఇంకో సంగతి కూడా చెప్పేయాలి, దాచితే తర్వాత మీరే తిడతారు. నేను కొంచెం లావు. "కొంచెం" అన్నది నా మాట. నా స్కూటరును అడిగితే వేరే మాట చెబుతుంది.

ఆ ఏడు పుట్టపర్తిలో మా పంతుళ్ళకు ఒక శిక్షణ పెట్టారు. చిన్నపిల్లల్లో ఊబకాయం రాకుండా చూడడం ఎలాగన్నది విషయం. అనంతపురం జిల్లా కరువులో ఊబకాయం ఎక్కడిదని మేమంతా వెనక వరసలో నవ్వుకున్నాం. కానీ బడి గేటు దగ్గర చిప్సు పొట్లాలు, రంగు నీళ్ళ సీసాలు కరువులో కూడా బాగానే పండుతాయి. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాయన బాగా చెప్పాడు. పిల్లలకు నీతులు చెప్పి లాభం లేదట. తల ఊపుతారు, చెయ్యి మాత్రం పొట్లంలోకే పోతుంది. మనిషి ఆలోచించి చేసే పనులు తక్కువ. అలవాటు కొద్దీ చేసేవి, పక్కవాణ్ణి చూసి చేసేవి, పదిమంది ఏమనుకుంటారోనని భయపడి చేసేవి ఎక్కువ. ఆ కిటుకు పట్టుకుంటే పిల్లల్ని అదిలించనక్కర్లేదు, వాళ్ళే దారికొస్తారు. దీని పేరు ప్రవర్తనా శాస్త్రం అన్నాడు.

భయపడి చేసే పనులు అనగానే నేను నిటారుగా కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచీ నేను చదువుతున్న సబ్జెక్టు అదే కదా. ఎవరో నాకు పట్టా ఇచ్చినట్టే అనిపించింది. ఆ ఉత్సాహంలో మధ్యాహ్నం రెండు లడ్లు ఎక్కువ తిన్నాను.

ఊరికి తిరిగొచ్చి శాస్త్రం మొదలుపెట్టాను. ముందు ఒక తూకం మిషను తెప్పించి పిల్లలందరినీ దాని మీద నిలబెట్టి, ఎవరి బరువు ఎంతో ప్రార్థన దగ్గర గట్టిగా చదివాను. బరువులు పైకి చదవకూడదని, పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ఆ కుర్రాయన మరీ మరీ చెప్పాడట. తర్వాత తెలిసింది. ఆయన అది చెబుతున్నప్పుడు నేను రెండో వడ కోసం బయట ఉన్నాను. ఈ వడను గుర్తు పెట్టుకోండి, కథంతా దాని చుట్టే తిరుగుతుంది.

అందరిలోకీ ఎక్కువ తూగినవాడు నాలుగో తరగతి జస్వంత్. వాడి అమ్మానాన్నలు బెంగళూరులో వ్యాపారం చేసుకుంటూ ఉంటే, వీడు ఇక్కడ అవ్వ గంగక్క దగ్గర, తాత ఓబిరెడ్డి దగ్గర పెరుగుతున్నాడు. ఓబిరెడ్డి మాజీ సర్పంచి, మళ్ళీ సర్పంచి కావాలని చూస్తున్నవాడు. జస్వంత్ మంచి పిల్లవాడు. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. నాలుగడుగులు పరుగెత్తితే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేవాడు. కళ్యాణదుర్గం డాక్టరు చూసి, బరువు ఇలాగే పెరిగితే ఈ వయసుకే చక్కెర జబ్బు తగులుకుంటుందని, రాత్రిళ్ళు వీడికి ఊపిరి సరిగా ఆడడం లేదని చెప్పి పంపాడట. వీణ్ణి మార్చగలిగితే ఊరంతా మారుతుందని నేను లెక్క వేసుకున్నాను.

పదిమంది ముందు మాట ఇచ్చినవాడు ఆ మాట తప్పడానికి జంకుతాడని శిక్షణలో చెప్పారు కదా. పొట్లాల తిండి తిననని పిల్లలందరి చేత ప్రార్థన దగ్గర చేతులు చాపించి ప్రతిజ్ఞ చేయించాను. ఇంటర్వెల్ గంట కొట్టగానే అవే చేతులు అంగడి ముందు చాచి ఉన్నాయి. నాలో మాత్రం పట్టుదల పెరిగింది. ఈ ఊళ్ళో ఎవరూ తప్పని మాట ఏదైనా ఉందా అని ఆలోచించాను. ఉంది. ఊరి దేవత సుంకలమ్మకు మొక్కిన మొక్కు. ఇంటి పన్ను తప్పుతారు, పెళ్ళికి వస్తామన్న మాట తప్పుతారు, సుంకలమ్మ మొక్కు మాత్రం తప్పరు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు తట్టనిది కంబదూరు మండలంలో నాకు తట్టింది అనుకుంటూ, ఆ సాయంత్రమే గంగక్క ఇంటికి నడిచాను.

ఆమె అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. డాక్టరు ఏమన్నాడవ్వా అని అడిగాను.

"ఏమంటాడప్పా, తగ్గించమంటాడు. ఆయప్ప సన్నంగా ఉండాడు కాబట్టి లోకమంతా సన్నంగా ఉండాలంటాడు" అంది.

డాక్టరు మాట వినాలి కదవ్వా అన్నాను. ఆమె ఒలవడం ఆపి నా వైపు చూసింది.

"నేను కరువులో పుట్టినదాన్ని సారూ. ఎముకలు లెక్కబెట్టేటట్లుండే బిడ్డలను చూసి చూసి నా కండ్లు ఇంకిపోయినాయి. మా వంశంలో ఈడొక్కడు నిండుగా కనపడతాండాడు. ఈన్ని తగ్గించమంటే నాకు భయమైతాది."

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయి ఉంటే మీకు ఈ కథ చదివే శ్రమ తప్పేది. నేను ఆగకుండా నా అస్త్రం తీశాను. బిడ్డ ఆరోగ్యం గురించి సుంకలమ్మకు ఒక మొక్కు మొక్కుకో, మొక్కు ఉంటే ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉంటారు, అని చెప్పాను. నా ఉద్దేశం ఏమిటో మీకు తెలుసు. నూనె తిండి పెట్టనని, పొట్లాలు కొనివ్వనని మొక్కుకుంటుందని. ఆమె మొహం వెలిగిపోయింది. ఏమని మొక్కుకోవాలప్పా అని అడిగింది.

ఇప్పుడు ఆ క్షణం తిరిగొస్తే నా నోరు నేనే నొక్కుకుంటాను. కానీ ఎవరి లక్ష్యం వాళ్ళే పెట్టుకోవాలి, మనం రుద్దకూడదు అని శిక్షణలో విన్నాను. అందుకని ఎంతో తెలిసినవాడిలా నవ్వి, "నీకు తోచినట్టు మొక్కుకోవ్వా" అన్నాను.

మర్నాడు పొద్దున బడికి వచ్చేసరికి ఊళ్ళో తప్పెట మోగుతోంది. ఓబిరెడ్డి తెల్ల చొక్కా వేసుకుని నేరుగా నా తరగతిలోకి వచ్చి, పిల్లలందరి ముందూ నన్ను కౌగిలించుకున్నాడు. చేతులు సగం వరకే అందాయి.

"సారూ, మా ఇంటిదానికి మంచి మాట చెప్పినావు. జాతరలో పిల్లోని తూకం బెల్లం సుంకలమ్మకు ఇస్తాండాం. పూజ అయినాక ఊరంతా పంచుతాం. మీ బడి పిల్లోళ్ళకే ముందర" అన్నాడు.

తూకం బెల్లం అంటే తులాభారం. పిల్లవాణ్ణి తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు వాడెంత తూగితే అంత బెల్లం పెట్టడం. పిల్లల్లో ఊబకాయం తగ్గించడానికి బయలుదేరిన నేను, ఊళ్ళో ప్రతి పిల్లవాడి ఇంటికీ బెల్లం చేరే ఏర్పాటు చేసి పెట్టానన్నమాట. అయినా మనసులో ఒక చిన్న ఆశ మిగిలింది. జాతరకు ఇంకా చాలా రోజులుంది, ఆలోగా పిల్లవాడు తగ్గితే బెల్లం కూడా తగ్గుతుంది కదా పెద్దాయనా, అని పీలగా అన్నాను.

ఓబిరెడ్డి మొహంలో నవ్వు పోయింది. "తల్లికి ఇస్తామన్నదాంట్లో కోత పెడతామా సారూ? నువ్వే కదా బడిలో తూకమేసి గట్టిగా చదివింది. ఊరందరికీ తెలుసు. జాతరలో అంతకంటే తక్కువ తూగితే, ఓబిరెడ్డి అమ్మోరి బెల్లం మిగిలించుకున్నాడు అంటారు. ముందర ఎలక్షన్లు పెట్టుకోని ఆ మాట పడమంటావా?"

చూశారా, వడ ఎంత పని చేసిందో. బరువు పైకి చదవకపోయి ఉంటే ఈ చిక్కు లేదు. ఇప్పుడు జస్వంత్ ఒక్క చటాకు తగ్గినా దేవత సొమ్ములో దొంగతనం అవుతుంది.

మరుసటి వారం నుంచి జస్వంత్‌కు ఇంటి నుంచి పెద్ద క్యారియర్ రావడం మొదలైంది. బడిలో పెట్టే భోజనం చాలదని, దాని పైన ఓళిగలు అనే నేతి బొబ్బట్లు, కారాలు, మీగడ పెరుగు. తక్కువ తూగితే అపకీర్తి కాబట్టి, నాలుగు ముద్దలు ఎక్కువ తూగితే మంచిదని ఓబిరెడ్డి లెక్క. ఇది చూసి మిగతా అవ్వలు ఊరుకుంటారా? మా మనవరాలికి ఏం తక్కువని ఒకరు, మా వాడు మాత్రం అమ్మోరి బిడ్డ కాదా అని ఇంకొకరు మొక్కులు మొక్కేశారు. పక్కవాణ్ణి చూసి మనిషి మారతాడని శాస్త్రం చెప్పింది నిజమే. మా ఊళ్ళో శాస్త్రం చక్కగా పని చేసింది, బండి వెనక్కి నడిచిందంతే. మధ్యాహ్నం తర్వాత నా తరగతి మొత్తం త్రేన్పులతో నిండిపోయేది.

ఒకరోజు సరోజమ్మ మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. కళ్ళజోడు అప్పటికే బల్ల మీద ఉంది.

"మీ శాస్త్రం ఏ పక్కకు పోతాంది సార్?" అని నెమ్మదిగా అడిగింది.

ప్రారంభంలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది మేడమ్ అన్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు.

ఇంతవరకు నా భయాలన్నీ నా గురించే. బదిలీ చేస్తారేమో, ఊళ్ళో నవ్వుతారేమో, మేడమ్ పైకి రాస్తుందేమో. అసలు భయం ఆ తర్వాత వచ్చింది.

ఒక మధ్యాహ్నం పిల్లలు ఆడుకుంటుంటే జస్వంత్ కనపడలేదు. వెతుక్కుంటూ బడి వెనక్కి వెళ్ళాను. ఎండిపోయిన బోరు పక్కన వంగి నిలబడి తిన్నదంతా కక్కుతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి ఈలలా వస్తోంది. నేను వాడి వీపు నిమిరి, మొహం కడిగి నీడలో కూర్చోబెట్టాను. కాసేపటికి వాడు లేచి, క్యారియర్ మూత తీసి, మిగిలిన ఓళిగ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు, నోట్లో ఓళిగ.

"వద్దురా. ఆకలి లేకపోతే ఏమిటికి తింటావు?" అన్నాను.

"తినాల సార్. తూకం తగ్గితే మొక్కు తప్పినట్లంట. మొక్కు తప్పితే అమ్మోరు అవ్వను తీసకపోతాదంట" అన్నాడు. అని ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

నేను వాడి పక్కన మట్టిలోనే కూలబడ్డాను. నా జన్మలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. కుక్కలూ సూదులూ ఏ మూలకు పోయాయో. ఈ పిల్లవాడికి ఏమైనా అయితే అది డాక్టరు వల్ల కాదు, అవ్వ వల్ల కాదు, సుంకలమ్మ వల్ల అసలే కాదు. భయపెడితే మనిషి మారతాడని సంబరపడి, ఆ భయాన్ని తీసుకెళ్ళి తొమ్మిదేళ్ళ పిల్లవాడి పళ్ళెంలో పెట్టినవాణ్ణి నేను. వాడి చేతిలో ఓళిగ లాక్కుని ఏం చేయాలో తోచక నేనే తినేశాను.

బడి వదలగానే సుంకలమ్మ గుడికి పోయాను. పూజారి ఈరన్న గుడి వాకిలి కడుగుతున్నాడు. ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నట్టుగా, మొక్కిన మొక్కును మార్చుకునే దారేమైనా ఉందా అని అడిగాను. ఎవరో కాదని ఆయనకు తెలిసిపోయింది.

"మొక్కు మార్చకూడదు సారూ. అయితే మొక్కించినోడు ఆ భారం తన మీద ఏసుకోవచ్చు. పిల్లోని బదులు వాడు తక్కెడలో కూర్చుంటాడు. ఒకటే షరతు. పిల్లోనికంటే తక్కువ తూగకూడదు" అన్నాడు.

చెప్పి చెంబు కింద పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఆ భయం నీకు లేదులే" అన్నాడు.

ఇప్పుడు మీకు ఒక రహస్యం చెప్పాలి. బడిలో పిల్లలందరినీ తూకం వేసిన నేను ఆ మిషను మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. మా ఆవిడకు కూడా నా బరువు తెలియదు. నాకూ తెలియదు, తెలియకుండా ఉండడానికి చాలా జాగ్రత్తలు తీసుకున్నాను. అలాంటివాణ్ణి జాతరలో, ఊరందరి ముందు, తక్కెడలో. గుడి మెట్ల మీద కూర్చుని పారిపోదామా అని గట్టిగానే ఆలోచించాను. కళ్యాణదుర్గం బస్సు అటుగా వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. బస్సు వెనక లేచిన దుమ్ములో నాకు ఆ పిల్లవాడి నల్లబడిన పెదవులే కనపడుతూ ఉన్నాయి. లేచి జస్వంత్‌ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి పోయాను.

గంగక్క పొయ్యి ముందు కూర్చుని ఓళిగలు కాలుస్తోంది. ఓబిరెడ్డి నడవలో కుర్చీలో ఉన్నాడు. నేను దారంతా మాటలు కూర్చుకున్నాను, గడప దాటగానే ఒక్కటీ మిగల్లేదు. జస్వంత్ నా వెనక దాక్కున్నాడు. నా వెనక దాక్కోవడం సులభం. చివరికి వాడినే ముందుకు తెచ్చి, బడి వెనక నాతో అన్న మాట అవ్వతో అనరా అన్నాను. వాడు నేల చూస్తూ అంతా చెప్పేశాడు.

గంగక్క చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీది ఓళిగ మాడి వాసన వచ్చింది.

"నీకెవరు చెప్పినారు రా అమ్మోరు నన్ను తీసకపోతాదని?" అంది.

"నువ్వే అంటివి కదవ్వా, పక్కింటి ఈశ్వరమ్మవ్వతో. మొక్కు తప్పితే నన్ను తీసకపోతాదిలే అని. నేను వింటిని."

ఆమె పొయ్యి ఆర్పేసింది. వాణ్ణి దగ్గరికి లాక్కుంది. చీర కొంగుతో వాడి మొహం తుడుస్తూ, "నువ్వు సల్లగుండాలని నేను పెడితిని. నేను బతకాలని నువ్వు తింటివా నాయనా" అంది. ఓబిరెడ్డి కుర్చీలో కదిలాడు. నా సంగతి మీరు అడగకండి, నేను గోడ వైపు తిరిగి ఉన్నాను.

కాసేపయ్యాక పూజారి చెప్పిన దారి చెప్పాను. పిల్లోని బదులు నేను కూర్చుంటాను అన్నాను. గొంతు మేకపిల్ల గొంతులా వచ్చింది. ఓబిరెడ్డి లేచి నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. సంతలో ఎద్దును కొనేవాళ్ళు అలాగే తిరుగుతారు. ఆయన మొహంలో దిగులు పోయి సర్పంచి కళ తిరిగొచ్చింది.

"శానా తూగుతావు సారూ. ఈ మండలంలో ఎవరూ ఇయ్యనంత బెల్లం అయితాది" అన్నాడు తృప్తిగా.

జాతర వచ్చింది. రాకుండా ఉంటుందేమోనని నేను రోజూ చూశాను, వచ్చింది. గంగక్క మాట విని మిగతా అవ్వలు కూడా తమ మొక్కుల భారం నా మీదికే మార్చేశారు. గుడి ముందు ఇనుప దూలానికి శనక్కాయల మండీ తక్కెడ వేలాడదీశారు. గొలుసులు గలగలమంటున్నాయి. మా బడి పిల్లలందరూ ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ళ పక్కన సరోజమ్మ మేడమ్. తప్పెటలు మోగుతుంటే నేను కొత్త పంచె కట్టుకుని పళ్ళెంలో కూర్చున్నాను. నా వైపు పళ్ళెం నేలకు ఆనుకుంది. గొలుసులు కిర్రుమన్నాయి. నా చెయ్యి పొట్ట మీదికి పోయి చొక్కా సర్దుకుంది.

ఈరన్న మంత్రం చదివి బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. నేను కదల్లేదు. ఒక మూట ఖాళీ అయింది. నేను కదల్లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఊపిరి లోపలికి బిగబట్టి చూశాను, దానివల్ల తూకం తగ్గదని అప్పుడే తెలిసింది. జస్వంత్ కోసమని తెచ్చి, నా కోసమని పెంచిన బెల్లమంతా అయిపోయింది. నా పళ్ళెం నేలను వదల్లేదు.

ఓబిరెడ్డి ఎవరినో పిలిచి చెవిలో చెప్పాడు. చెవిలో చెప్పినా మైకు దగ్గరే నిలబడి చెప్పాడు కాబట్టి ఊరంతటికీ వినపడింది. కంబదూరుకు ట్రాక్టరు పంపి ఇంకో రెండు మూటలు తెప్పించమన్నాడు.

ట్రాక్టరు కంబదూరు పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియదు. నాకు తెలుసు. మధ్యలో దిగితే మొక్కు చెడుతుందని ఈరన్న దిగనివ్వలేదు. ఎండలో, తక్కెడలో, ఊరందరి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కొందరు వచ్చి దండం పెట్టి పోయారు. ఒకావిడ నా పాదాల దగ్గర టెంకాయ కొట్టింది. సరోజమ్మ మేడమ్ లేచి వచ్చి, కళ్ళజోడు తీసి, నన్ను ఒక్కసారి చూసి, మళ్ళీ పెట్టుకుని పోయి కూర్చుంది. ఆమె పెదవుల చివర నవ్వు లాంటిది కనపడింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు గంగక్క వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు. నాకు అందించి, పళ్ళెం పక్కనే నేల మీద చతికిలబడింది. నా పొట్ట వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. ఊళ్ళో అందరి కళ్ళల్లో నవ్వుంది, ఆమె కళ్ళల్లో లేదు. గొంతు తగ్గించి, నిజంగానే జాలిగా అడిగింది.

"సారూ, నువ్వు గూడ ఎవరి కోసరమన్నా తింటాండావా?"

మా ఊరి పిల్లలందరి అలవాట్లూ మార్చడానికి బయలుదేరిన నన్ను, అప్పటివరకు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. ఎవరి కోసమూ లేదవ్వా, భయమేసినప్పుడు తింటాను, అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసిన నిజం అది. భయం లేనిదెప్పుడు అని ఆమె అడగలేదు, అది నా పుణ్యం.

ట్రాక్టరు వచ్చింది. చివరి ముద్ద పెట్టగానే నా పళ్ళెం జానెడు లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, తప్పెటలు మోగాయి, ఈరన్న నా తూకం మైకులో గట్టిగా చదివాడు. ఆ అంకె ఇక్కడ రాయను. బరువులు పైకి చదివితే మనిషి చిన్నబుచ్చుకుంటాడని శాస్త్రం చెప్పింది, అది ముమ్మాటికీ నిజం. ఆ సాయంత్రం మా బడిలో ప్రతి పిల్లవాడూ చేతిలో పట్టనంత బెల్లం ముద్దతో, సారుకు జేజేలు కొడుతూ ఇంటికి పోయాడు. పిల్లల్లో ఊబకాయం నివారణలో నా తొలి కార్యక్రమం అలా ముగిసింది.

మర్నాడు తెల్లారి తలుపు చప్పుడైంది. తీస్తే జస్వంత్. కొత్త బూట్లు వేసుకుని నిలబడ్డాడు. ఇంత పొద్దున్నే ఏమిట్రా అన్నాను.

"గుట్ట దాకా నడిచొద్దాం రాండి సార్. అవ్వ పంపించింది. సారు ఒక్కడే పోవాలంటే భయపడతాడు, నువ్వు తోడు పో అనింది" అన్నాడు.

పోయాము. గుట్ట సగంలో వాడూ నేనూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒకేసారి ఆగిపోయాం. ఎవరు ముందు ఆగారన్నది ఇప్పటికీ తేలలేదు. తర్వాత తర్వాత ఇంకొందరు పిల్లలు చేరారు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. గంగక్క ఇంట్లో ఓళిగలు పండగలకు మాత్రమే కాలుతున్నాయి. అంగడివాడు నేను పొట్లం అడిగితే, గంగక్క తిడతాదప్పా అని ఇవ్వడం మానేశాడు. జస్వంత్ ఇప్పుడు హైస్కూలుకు పోతున్నాడు, గుట్ట మీదికి ఒక్క ఊపున ఎక్కి పైనుంచి నన్ను పిలుస్తాడు. కళ్యాణదుర్గం డాక్టరు వాణ్ణి చూసి సంతోషపడ్డాడట. నన్ను చూడమని మాత్రం నేను ఇంకా అడగలేదు, ఆయన దగ్గర సూదులుంటాయి.

కాబట్టి పాఠకులందరి సాక్షిగా గంభీరంగా మాట ఇస్తున్నాను. ఇకమీదట ఏ పిల్లవాడి బరువూ పైకి చదవను. ఏ అవ్వతోనూ నీకు తోచినట్టు మొక్కుకో అనను. శిక్షణ జరుగుతుండగా వడ కోసం బయటికి పోను. ఈ ప్రమాణం ఏ దేవత పేరు మీదా చేయడం లేదని కూడా దయచేసి గమనించండి. తప్పుతానని కాదు. ఒకవేళ తప్పితే మళ్ళీ తక్కెడ ఎక్కమంటారు, అప్పుడు కంబదూరులో బెల్లం చాలుతుందో లేదోనని నా భయం.